దేశపు పొలిమేర – గ్రామపు రిజిస్టరు

రెండు గ్రామముల పొలిమేరపై తగవు వచ్చినప్పుడు పెద్దలు మొదట వెదకునది సర్వే రాయి. ఆ తరువాత తెప్పించునది గ్రామ లెక్క. రాయి ఒరిగిపోయినను లెక్క సరిగా నున్నచో తగవు తీరును. లెక్క చెడినచో రాయిని ఎంత లోతుగా పాతినను ప్రయోజనము లేదు. దేశపు పొలిమేర విషయమునను ఈ మాట వర్తించును.

సరిహద్దుల రక్షణకు ఎంత ధనము వ్యయము చేయవలెను, అనుమతి లేకుండ దేశములోనికి ప్రవేశించువారిని ఎట్లు ఆపవలెను, ప్రవేశించి స్థిరపడినవారిని ఎట్లు గుర్తింపవలెను అను చర్చ పార్లమెంటునందును, శాసనసభలందును, న్యాయస్థానములందును, పత్రికలందును దశాబ్దములుగా జరుగుచున్నది. "ఆ సరిహద్దు మనకు ఎంతో దూరము. మన పంచాయతీకి ఈ చర్చతో ఏమి పని?" అని సభ్యులలో కొందరు అడుగవచ్చును. పని కలదు. అక్కడ వ్యయమగు ధనము మనమందరము చెల్లించు పన్నులలోనిది. అక్కడ రాత్రింబవళ్లు కావలి కాయు జవానులలో మన పల్లెల యువకులును కలరు. అంతకంటె ముఖ్యమైన కారణము వేరొకటి యున్నది. ఒక వ్యక్తి ఈ దేశ పౌరుడగునా, కాడా అను ప్రశ్న పుట్టినప్పుడు తుదకు తెరచి చూడవలసివచ్చునది గ్రామ కార్యాలయములోని రిజిస్టరు. ఈ వ్యాసమున భారత–బంగ్లాదేశ్ సరిహద్దును ఉదాహరణముగా గైకొని, కంచె చేయగల పని యేది, చేయలేని పని యేది, ఆ మిగిలిన పనిలో పంచాయతీల పాలు ఎంత అను విషయములను వివరింప దలచితిమి.

సరిహద్దు స్వరూపము

భారతదేశపు భూసరిహద్దు మొత్తము పొడవు 15,106.7 కిలోమీటర్లు. అందు బంగ్లాదేశ్‌తో గల సరిహద్దు 4,096.7 కిలోమీటర్లు. పొరుగు దేశములతో మనకు గల సరిహద్దులలో ఇదియే అన్నిటికంటె పొడవైనది. ఇందు పశ్చిమ బెంగాల్‌లో 2,216.7 కిలోమీటర్లు, త్రిపురలో 856, మేఘాలయలో 443, మిజోరంలో 318, అస్సాంలో 263 కిలోమీటర్లు కలవు.

ఈ గీత పర్వతములను బట్టి గాని, మహాసముద్రములను బట్టి గాని ఏర్పడినది కాదు. 1947లో సర్ సిరిల్ రాడ్‌క్లిఫ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము బెంగాలును, పంజాబును కొలది వారములలో విభజించినది. ఆ తీర్పు 1947 ఆగస్టు 17న, అనగా స్వాతంత్ర్యము వచ్చిన రెండు దినముల తరువాత వెల్లడియైనది. గీత ఒక్కొక్కచోట వరిపొలముల నడుమ, ఒక్కొక్కచోట చెరువుగట్టు మీదుగా పోయినది. కొన్ని యెడల ఒకే గ్రామములోని ఇండ్లు చెరియొక దేశములో పడినవి. రెండు దేశముల మీదుగా పారు నదులు 54 కలవు. నది పాయ మారినప్పుడు ఇసుక లంక ఒకటి మునిగి, వేరొకటి తేలును. మన గోదావరి లంకలను ఎరిగినవారికి ఈ చిక్కు తెలియనిది కాదు.

వీనికి తోడు, ఒక దేశపు భూమి చుట్టును రెండవ దేశపు భూమి యుండునట్టి చిన్న తునకలు అనేకము ఉండెడివి. బంగ్లాదేశ్ లోపల భారతదేశమునకు చెందినవి 111, భారతదేశము లోపల బంగ్లాదేశ్‌కు చెందినవి 51. అచ్చటి జనులకు ఏ ప్రభుత్వపు బడియు, ఆసుపత్రియు, ఓటును సరిగా అందలేదు. 1974లో శ్రీమతి ఇందిరా గాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ చేసికొనిన ఒడంబడిక 2015లో మన రాజ్యాంగము నూరవ సవరణతో అమలులోనికి వచ్చినది. ఆ యేడు జూలై 31 అర్ధరాత్రి ఈ తునకల మార్పిడి జరిగెను. రెండు ప్రభుత్వములు కూర్చుండి మాటలాడినచో, కంచెతో తీరని చిక్కు కూడ తీరగలదని ఇది తెలుపుచున్నది.

కంచె ఎట్లు వచ్చినది

1971లో తూర్పు పాకిస్తాన్‌లో జరిగిన అత్యాచారములకు తాళలేక సుమారు కోటి మంది కాందిశీకులు మన దేశమునకు వచ్చిరి. బంగ్లాదేశ్ స్వతంత్రమైన పిమ్మట వారిలో అత్యధికులు తిరిగి వెళ్లిరి. కాని అంతకు ముందును, ఆ తరువాతను కూడ భూమి చాలక, వరదల వలన, జీవనోపాధికై, మతపరమైన భయము వలన వచ్చి నిలిచిపోయినవారు ఉండిరి. అస్సాంలో తమ భూమి, భాష, ఓటు చేజారునను భయముతో 1979లో గొప్ప ఆందోళన ఆరంభమైనది. అది ఆరేండ్లు సాగి 1985 ఆగస్టు 15న అస్సాం ఒప్పందముతో ముగిసినది. 1971 మార్చి 24 తరువాత వచ్చినవారిని విదేశీయులుగా గుర్తించి పంపివేయవలెనని, సరిహద్దు రక్షణను గట్టి చేయవలెనని అందు నిర్ణయింపబడెను.

ఆ మరుసటి యేడు, 1986లో, కంచె నిర్మాణమునకు మొదటి మంజూరు లభించినది. 2000లో రెండవ దశ మంజూరైనది. ఈ కంచె మన తోటల చుట్టు వేయు ముండ్లతీగ వంటిది కాదు. రెండు వరుసల ఎత్తైన ఇనుప స్తంభములు, వాని నడుమ చుట్టలు చుట్టలుగా ముండ్లతీగ, ప్రక్కన గస్తీ తిరుగుటకు బాట, అనేక చోట్ల రాత్రివేళ వెలుగు నిచ్చు పెద్ద దీపములు, నడుమ నడుమ కావలి ఠాణాలు – ఇవన్నియు కలిసినదే సరిహద్దు కంచె. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపిన లెక్క ప్రకారము అప్పటికి ఇంకను 864 కిలోమీటర్లకు పైగా కంచె లేదు. అందు సుమారు 174 కిలోమీటర్లు కంచె వేయుటకు వీలులేని నేల.

కంచె పూర్తికాకుండుటకు ముఖ్యముగా మూడు కారణములు కలవు. మొదటిది భూసేకరణ. కంచెకును, బాటకును, ఠాణాకును రైతుల భూమి కావలెను. ఆ భూమిని సేకరించి యిచ్చుట రాష్ట్ర యంత్రాంగము చేతిలోని పని; దీనికై కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల నడుమ ఉత్తర ప్రత్యుత్తరములు ఏండ్ల తరబడి నడచినవి. రెండవది నదులు, చిత్తడి నేలలు. అస్సాంలోని ధుబ్రి వద్ద బ్రహ్మపుత్ర బంగ్లాదేశ్‌లోనికి ప్రవేశించు చోట 61 కిలోమీటర్ల మేర లంకలు, పాయలు తప్ప స్తంభము నిలుచు నేల లేదు. అక్కడ 2019 మార్చిలో కెమెరాలు, నేలలోను నీటిలోను కదలికను కనిపెట్టు పరికరములతో కూడిన ఏర్పాటు ఆరంభింపబడినది. మూడవది పొరుగు దేశపు అంగీకారము. 1975లో రెండు దేశముల సరిహద్దు అధికారులు అంగీకరించిన నియమముల ప్రకారము గీతకు 150 గజముల లోపల రక్షణ కట్టడములు కట్టరాదు. గ్రామము సరిగా గీతమీదనే యున్నచోట ఈ నియమము చిక్కు తెచ్చును. 2025 జనవరిలో కొన్నిచోట్ల కంచె పని విషయమై రెండు దేశముల నడుమ వివాదము కలిగెను.

వ్యయమెంత? దేనికి?

1965 యుద్ధానంతరము ఆ యేడు డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళము స్థాపింపబడినది. దాని తొలి అధిపతి శ్రీ కె. ఎఫ్. రుస్తంజీ. రెండున్నర లక్షలకు పైగా సిబ్బంది గల ఈ దళము పాకిస్తాన్, బంగ్లాదేశ్ సరిహద్దులను రెంటిని కాపాడుచున్నది. 2025–26 కేంద్ర బడ్జెటులో ఈ దళమునకు సుమారు 28,231 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఇందు పెద్ద భాగము జీతభత్యములకును, సిబ్బంది పోషణకును పోవును. కంచె, బాటలు, దీపములు, ఠాణాలు మొదలగు వాని నిర్మాణమునకు, నిర్వహణకు అన్ని సరిహద్దులకు కలిపి అదే బడ్జెటులో సుమారు 5,597 కోట్లు చూపబడినవి.

సరిహద్దు గ్రామముల అభివృద్ధికై మరొక పద్దు కలదు. 1986–87లో సరిహద్దు ప్రాంత అభివృద్ధి కార్యక్రమము ఆరంభమైనది. 2023 ఫిబ్రవరిలో ఉత్తర సరిహద్దు గ్రామములకై 4,800 కోట్లతో వైబ్రంట్ విలేజెస్ కార్యక్రమము మంజూరైనది. 2025 ఏప్రిల్‌లో 6,839 కోట్లతో దాని రెండవ దశ ఇతర భూసరిహద్దులకు, అందు బంగ్లాదేశ్ సరిహద్దు రాష్ట్రములకు కూడ, విస్తరింపబడినది. బాట, దీపము, బడి, జీవనోపాధి ఉన్నచో సరిహద్దు గ్రామము ఖాళీకాక నిలుచునని, నిలిచిన గ్రామము కావలికి కన్నుగా నుండునని దీని ఉద్దేశము.

రెండు వైపుల వాదములు

ఎక్కువ వ్యయము చేయవలెనను వారి వాదము ఇది: కంచె లేని చోట చీకటిలో ఒక జవాను ఎన్ని గజములు చూడగలడు? కంచె చొరబాటును పూర్తిగా ఆపకపోయినను దానిని ఆలస్యము చేయును. ఆ ఆలస్యములో గస్తీదళము అందుకొనగలదు. పశువుల దొంగరవాణా, మత్తుమందులు, దొంగనోట్లు ఇవన్నియు తెరపి దొరికిన చోటనే సాగుచున్నవి. తన హద్దు తాను కాచుకొనుట ప్రతి దేశమునకు హక్కు మాత్రమే కాక విధియు నగును. జనము హెచ్చి భూమి చాలని అస్సాం, త్రిపుర వంటి రాష్ట్రములు ఈ భారమును ఒంటరిగా మోయవలెననుట న్యాయము కాదు.

వ్యయము విషయమున ఆచితూచి పోవలెనను వారి వాదము మరొక విధముగా నున్నది: కంచె పొడవు పెరిగిన కొలది దాని నిర్వహణ వ్యయము ఏటేట పెరుగును, తుప్పు, వరద దానిని తినివేయుచుండును. చొరబాటునకు మూలము దళారీ; వాడు కంచెను దాటించుట మానినచో నదిని దాటించును, లేదా దొంగ కాగితములు పుట్టించును. కాపలాదారులలో కొందరు లంచమునకు లోబడినచో కంచే చేను మేసినట్లగును. 2011 జనవరిలో కంచె దాటుచున్న పదిహేనేండ్ల బాలిక ఒకతె కాల్పులలో మరణించి, ఆమె శరీరము తీగకు వ్రేలాడిన దృశ్యము రెండు దేశముల ప్రజల మనస్సులను కలచివేసినది. మనుష్యుల ప్రాణమునకు ముప్పు లేని పద్ధతులపై, దర్యాప్తుపై, పొరుగు దేశముతో సహకారముపై వ్యయము చేయుట మేలని వీరందురు.

ఈ రెండు వాదములందును సత్యము కలదు. కాని చర్చలో తరచుగా లోపించునది లెక్క. అక్రమముగా ఉన్న బంగ్లాదేశ్ వాసులు సుమారు 1 కోటి 20 లక్షలని 2004లో ఒక కేంద్ర మంత్రి పార్లమెంటులో తెలిపి, తరువాత ఆ లెక్క నమ్మదగినది కాదని ఉపసంహరించుకొనిరి. సుమారు 2 కోట్లని 2016లో మరొక మంత్రి తెలిపిరి. దొంగచాటుగా వచ్చువారు ఏ పుస్తకమునను పేరు వ్రాయించుకొనరు గదా! కావున పెద్ద అంకె చెప్పి భయపెట్టుట, చిన్న అంకె చెప్పి తేలికచేయుట రెండును తగవు.

కంచెకు అవతలి చేలు

మన సభ్యులు ప్రత్యేకముగా ఆలోచింపదగిన అంశము ఒకటి యున్నది. గీతకు 150 గజముల ఇవతల కంచె వేయవలసియున్నందున ఆ నడుమ పడిన భూమి మన దేశపు భూమియే. దానిని దున్నువారు మన రైతులే. కొన్ని యెడల కంచె అంతకంటె లోపలికి జరిగినది. ఆ భూమికి పోవుటకు కంచెలో తలుపులు కలవు. అవి నిర్ణీత వేళలందు తెరువబడును. రైతు తన గుర్తింపు కార్డును జవానుకు చూపి పోవలెను. తలుపు మూయు వేళకు తిరిగి రావలెను. నారు వేయు దినములందును, కోత దినములందును వేళ దాటిన పని ఎంత యుండునో మన రైతులకు చెప్ప నక్కరలేదు. కొన్నిచోట్ల ఇండ్లు కూడ కంచెకు అవతల మిగిలినవి. రాత్రి పురిటినొప్పులు వచ్చినచో తలుపు తెరుచుటకై వేచియుండవలసినదే.

దేశరక్షణ కొరకు ఈ గ్రామములు చెల్లించు మూల్యము బడ్జెటు పుస్తకములో కానరాదు. కాని అదియు వ్యయమే. తలుపు వేళలను గూర్చి గ్రామపెద్దలతో ఠాణా అధికారులు కూర్చుండి మాటలాడుకొనిన చోట రైతు జవానుకు అండగా నిలుచును. అట్లు జరుగని చోట ఇద్దరి నడుమ అనుమానము పెరుగును. అనుమానము పెరిగిన సరిహద్దులో ఎంత ఎత్తు కంచెయైనను బలహీనమే.

కంచె చూడజాలని రాకపోకలు

అక్రమ వలస యనగానే రాత్రివేళ నది దాటు మనిషి మన కన్నుల యెదుట మెదలును. కాని పాస్‌పోర్టు, వీసాలతో పగటివేళ చక్కగా వచ్చి, గడువు తీరిన పిదప వెళ్లక నిలిచిపోయినవాడును చట్టము దృష్టిలో అక్రమముగా నున్నవాడే. వానిని కంచె ఆపదు. రాకపోకల లెక్క మాత్రమే పట్టగలదు.

ఈ విషయము తెలుగువారికి పరాయిది కాదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశములకు కూలికై పోయిన మనవారిలో కొందరు యజమాని పాస్‌పోర్టు లాగుకొనుట వలన గాని, ఏజెంటు మోసము వలన గాని, వీసా గడువు తీరుట వలన గాని అక్కడ అక్రమ నివాసులైరి. కువైట్ 2018లోను, యు.ఎ.ఇ. 2024లోను గడువు నిర్ణయించి క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మనవారును దానిని వినియోగించుకొని ఇండ్లకు చేరిరి. ఆ దేశములకును తమ చట్టము నిలుపుకొను హక్కు కలదు. మన కూలివానికిని మనిషిగా చూడబడు హక్కు కలదు. మన గడ్డపై దొరికిన పరదేశి విషయమునను ఈ రెండు మాటలు కలిపి తలచుకొనుట న్యాయము.

మన దేశమున 2025 సెప్టెంబరు 1 నుండి వలస, విదేశీయుల చట్టము–2025 అమలులోనికి వచ్చినది. 1946 నాటి విదేశీయుల చట్టము, మరి మూడు పాత చట్టములు దీనితో రద్దైనవి. సరియైన పాస్‌పోర్టు, వీసా లేకుండ ప్రవేశించిన విదేశీయునకు 5 ఏండ్ల వరకు జైలు గాని, 5 లక్షల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. దొంగ పాస్‌పోర్టు, దొంగ వీసా వాడినవారికిని, సమకూర్చినవారికిని 2 నుండి 7 ఏండ్ల జైలును, 1 లక్ష నుండి 10 లక్షల వరకు జుల్మానాయును కలవు. సభ్యులు మరొక అంశమును బాగుగా గుర్తుంచుకొనవలెను. పాత చట్టమునందు వలెనే కొత్త చట్టమునందును, తాను విదేశీయుడు కానని రుజువు చేసికొనవలసిన భారము ఆ వ్యక్తిపైననే యున్నది. రుజువు అనగా కాగితము. పేదవాని కాగితము ఎక్కడ నుండును? గ్రామ కార్యాలయములో నుండును.

అస్సాం నేర్పిన పాఠము

ఈ మాట ఎంత బరువైనదో అస్సాంలో జరిగిన పౌరుల జాతీయ పట్టిక సవరణ తెలుపుచున్నది. 1951 నాటి పట్టికను సుప్రీంకోర్టు పర్యవేక్షణలో సవరించి, 2019 ఆగస్టు 31న తుది జాబితాను ప్రకటించిరి. దరఖాస్తు చేసినవారు 3 కోట్ల 30 లక్షల మందికి పైగా. జాబితాలో పేరు లేనివారు 19,06,657 మంది. 2014లో ఈ పనికి 288.18 కోట్లు సరిపోవునని అంచనా వేయగా, 2022 మార్చి నాటికి అది 1,602.66 కోట్లకు పెరిగినదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక తెలిపినది. ఇది కంచెకైన వ్యయము కాదు; ఎవరు ఎవరో తెలిసికొనుటకైన వ్యయము. పుట్టినప్పుడు వ్రాసికొనని లెక్కను డెబ్బది యేండ్ల తరువాత వ్రాసికొనుటకు ఎంతగునో దీనివలన గ్రహింపవచ్చును.

ఈ పట్టికలో చేరుటకు ప్రతివారును 1971 మార్చి 24కు పూర్వము తమ తల్లిదండ్రులో, తాతలో ఇక్కడ ఉండిరని, తాము వారి సంతానమని చూపవలసియుండెను. బడికి పోని, జనన నమోదు లేని, చిన్ననాడే పెండ్లియై అత్తవారి ఊరికి పోయిన స్త్రీ తన తండ్రికి తాను కుమార్తెనని ఏ కాగితముతో చూపగలదు? అట్టివారు గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన నివాస ధ్రువపత్రమును చూపిరి. అట్లు చూపినవారు సుమారు 48 లక్షల మంది. అందు అత్యధికులు వివాహిత స్త్రీలు. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు ఆ ధ్రువపత్రములు చెల్లవని తీర్పు చెప్పెను. లక్షలాది కుటుంబములలో తల్లి ఒకవైపు, బిడ్డలు ఒకవైపు అగుదురేమోనను భయము పుట్టినది. ఆ యేడు డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి మధ్యేమార్గము చూపెను: పంచాయతీ ధ్రువపత్రము తనంత తాను పౌరసత్వమునకు రుజువు కాదు; కాని తండ్రికిని కుమార్తెకును గల సంబంధమును చూపుటకు దానిని గైకొనవచ్చును; అయితే ఆ పత్రము నిజముగా ఆ కార్యదర్శి ఇచ్చినదేనా, అందు వ్రాసిన విషయము సత్యమేనా అని రెండు విధముల విచారింపవలెను.

ఒక కార్యదర్శి సంతకము ఎంత దూరము పోయినదో చూడుడు! దేశపు అత్యున్నత న్యాయస్థానము దాని విలువను తూచవలసివచ్చినది. ఊరూర కార్యదర్శులు రిజిస్టరు చూచి, విచారించి వ్రాసియుండినచో ఆ స్త్రీలకు అంత వేదన ఉండెడిది కాదు. ఎక్కడైన ఒకచోట ఎవరికో మొగమాటపడి దొంగపత్రము వ్రాసియిచ్చినచో, దాని అనుమానపు నీడ నిజమైన పత్రములన్నిటి మీదను పడినది. దొంగపత్రము చొరబాటుదారునకు కంచెలో తలుపు వంటిది; వ్రాయని రిజిస్టరు మన పౌరునకే అడ్డువచ్చు కంచె వంటిది.

2025లో వివిధ రాష్ట్రములలో పోలీసులు పట్టుకొని సరిహద్దుకు చేర్చినవారిలో కొందరు భారత పౌరులే యని తరువాత తేలి, వారిని తిరిగి రప్పింపవలసివచ్చినది. తొందర పడిన చోట ఎంతటి అన్యాయము జరుగగలదో ఇది తెలుపుచున్నది.

మన పంచాయతీలు చేయదగినవి

మన రాష్ట్రమునకు విదేశముతో భూసరిహద్దు లేదు. అయినను ఈ పనిలో మన పాలు చిన్నది కాదు.

ఒకటి: జనన మరణముల నమోదు. 1969 నాటి చట్టము ప్రకారము పుట్టుకను గాని, చావును గాని 21 దినములలోపల తెలిపినచో రుసుము లేకుండ నమోదగును. 30 దినముల లోపలైనచో ఆలస్య రుసుముతో నమోదగును. ఏడాదిలోపు పై అధికారి అనుమతియు, ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువును కావలెను. 2023 సవరణ ప్రకారము ఆ యేడు అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేర్పు, ఓటరు జాబితా, ప్రభుత్వోద్యోగము మొదలగు వానికి పుట్టిన తేదీ, స్థలములను చూపు ఆధారము జనన ధ్రువపత్రమే. ఆసుపత్రిలో జరిగిన కాన్పు ఆసుపత్రివారే తెలుపుదురు. ఇంటిలో, చెంచుగూడెములో, కోయగూడెములో, ఇటుకబట్టీ వద్ద జరిగిన కాన్పును ఎవరు తెలుపుదురు? సభ్యులు తమ వార్డులో అట్టి శిశువులను కనిపెట్టి నమోదు చేయించుట గొప్ప దేశసేవ.

రెండు: ధ్రువపత్రముల విషయమున నిక్కచ్చితనము. ఎరుగనివానికి ఎరిగినట్లు వ్రాసియిచ్చుట, ఊరిలో లేనివానిని ఉన్నట్లు చూపుట చిన్న మేలుగా తోచవచ్చును. ఆ కాగితము రేషను కార్డుకును, అందుండి ఓటునకును, అందుండి పాస్‌పోర్టునకును మెట్టుగా మారగలదు. అడిగినవాడు బంధువైనను, ఓటు వేసినవాడైనను సరే, విచారింపకుండ సంతకము చేయరాదు.

మూడు: పని కొరకు వచ్చిన పరరాష్ట్రములవారి యెడ న్యాయదృష్టి. మన ఇటుకబట్టీలకు ఒడిశా నుండియు, కట్టడపు పనులకు బెంగాల్, బీహార్‌ల నుండియు కూలీలు వచ్చుచున్నారు. వారు మన దేశ పౌరులు. ఎక్కడ పనిచేయుటకైనను హక్కు కలవారు. బంగ్లా భాష మాటలాడువాడు బంగ్లాదేశ్‌వాడని తలచుట పొరబాటు. పశ్చిమ బెంగాల్, త్రిపురలలో కోట్లాది మంది మాతృభాష అదియే. తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు ప్రభుత్వమే తెలంగాణలోని కాగజ్‌నగర్ ప్రాంతమున నివాసములు ఏర్పరచినది. వారి బిడ్డలు నేడు తెలుగు బడులలో చదివినవారు. భాష, మతము, వేషము పౌరసత్వమునకు గుర్తులు కావు.

నాలుగు: అధికారపు హద్దు. ఒకని విషయమున నిజమైన అనుమానము కలిగినచో పోలీసులకు తెలుపుట పంచాయతీ విధి. ఎవడు పౌరుడో, ఎవడు విదేశీయుడో తీర్పు చెప్పుట పంచాయతీ పని కాదు. వానిని కొట్టుటకు గాని, ఊరినుండి తరుముటకు గాని ఎవరికిని అధికారము లేదు. తీర్పు చెప్పవలసినది చట్టము నియమించిన అధికారులు, న్యాయస్థానములు.

ఎంత చెల్లింపవలెను?

కంచెకు ఎన్ని కోట్లు చాలును అను ప్రశ్నకు ఒకే అంకెతో ఉత్తరము చెప్పుట ఎవరి తరము కాదు. అది పార్లమెంటు ఏటేట తూచి నిర్ణయింపవలసిన విషయము. మేము చెప్పదలచినది ఇంత మాత్రమే: ఆ వ్యయమును కంచె పొడవుతో మాత్రము కొలువరాదు. తలుపు దాటి చేనికి పోవు రైతు సౌకర్యము, కావలి కాయు జవాను నిజాయితీ, పొరుగు దేశముతో సఖ్యత, తప్పు పడినవానికి వేగముగా దొరకు న్యాయము, తప్పులేని రిజిస్టరు – ఇవన్నియు ఆ రక్షణలో భాగములే. వీనిలో మొదటి నాలుగు పెద్ద ప్రభుత్వముల చేతిలో నున్నవి. ఐదవది మాత్రము మన చేతిలో నున్నది.

దానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. వచ్చు సమావేశమున కార్యదర్శిని జనన మరణముల రిజిస్టరు తెమ్మని అడిగి, గత యేడాదిలో ఊరిలో పుట్టిన బిడ్డలను సభ్యులు తమ తమ వార్డుల వారీగా లెక్కించి, పుస్తకములోని పేర్లతో సరిచూచినచో చాలును. పేరు లేని బిడ్డ ఒక్కరు కనబడినను ఆ దినముననే నమోదునకు పూనుకొనవలెను. ఏబది యేండ్ల తరువాత ఎవరైన ఆ బిడ్డను "నీది ఏ దేశము?" అని యడిగినచో, మన గ్రామపు పుస్తకము బదులు చెప్పగలుగును.